మా యాడికి చెమట పట్టిన రోజు

పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. ఈ మధ్య గ్రూపులో "మా అమ్మకి థైరాయిడ్ అంట, భయపడాలా" అని ముగ్గురు నలుగురు అడిగారు. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం మాకు చేతకాలేదు. అందుకే మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాం. మేం అంటే ముగ్గురం, ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒక తమ్ముడు. మాది వినుకొండ అవతల నల్లమల వైపు పోయే దారిలో ఒక సుగాలి తండా. మా ఇంట్లో అమ్మని యాడి అంటాం. మాలో ఒకరు నర్సింగ్ చదువుతున్నారు, జబ్బు సంగతులన్నీ ఆమె సరిచూసింది. యాడిని అడిగాం, రాయండి అంది.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు మేమే మా యాడిని బద్ధకస్తురాలు అనుకున్నాం.

మాకు రెండెకరాల మెట్ట ఉంది. వాన పడితే పత్తి, లేకపోతే కంది. అది తిండికి చాలదు. సంక్రాంతి వెళ్లగానే తండాలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మేస్త్రి ఆటోలు మాట్లాడతాడు, ముఠాలుగా మిరప కోతలకు పోతాం. ఒక ఏడు ప్రత్తిపాడు వైపు, ఒక ఏడు పర్చూరు వైపు. చేను గట్టున పట్టాలు కప్పిన గుడిసెలు, మూడు రాళ్ల పొయ్యి, ఏప్రిల్ దాకా అదే ఊరు. మీలో చాలామందికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, మీరూ ఆ గుడిసెల్లోనే పదో తరగతి పుస్తకాలు చదివారు.

మార్చి ఎండలో అందరి రవికెలు తడిసి ఒంటికి అంటుకుపోయేవి. మా యాడి మాత్రం దుప్పటి కప్పుకుని సాళ్లల్లో వంగేది. చెమట చుక్క ఉండేది కాదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలేది. సాయంత్రం కాటా దగ్గర అందరి గోతాలూ తూకం వేశాక ఆఖరున యాడి గోతం వచ్చేది, అదీ సగమే. మేస్త్రి ఒకసారి "ఏమ్మా, నీ చేతులు కాయలు కోస్తున్నాయా, లెక్కపెడుతున్నాయా" అన్నాడు. ముఠా అంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ మా ముగ్గురికీ గుర్తుంది, యాడికీ గుర్తుండే ఉంటుంది. మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాత తర్వాత కోతలకు పనికిరాదని ఆమెని కల్లంలో కూర్చోబెట్టారు. తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం. కూలి తక్కువ. అక్కడ కూడా కూర్చున్నచోటే నిద్రపోయేది. మొహం ఉబ్బినట్టు, పాలిపోయినట్టు ఉండేది. గొంతు బొంగురుపోయింది. మాట నెమ్మదిగా, ఒక్కో పదం వెతుక్కుని పలికినట్టు వచ్చేది. కనుబొమ్మలు పలచబడ్డాయి. పొద్దున్నే లేస్తే కళ్లు తిరిగేవి. ఆకలి లేదు, నెలసరి లేదు. ముప్పై ఏళ్లకే మొహం మీద సన్నటి ముడతలు. ఇంట్లో ఉప్పు ఎక్కువైందని మేం గొడవపడేవాళ్లం. ఆమె మాత్రం చింతకాయ పచ్చడిలో ఇంకొంచెం ఉప్పు కలుపుకుని తినేది.

అసలు కథ మా తమ్ముడు పుట్టినప్పుడు మొదలైంది. 2004 ఫిబ్రవరి, మిరప కోతల్లోనే. నెలలు నిండినా కూలి పోతుందని యాడి వచ్చింది. రాత్రి నొప్పులు మొదలయ్యాయి. ముఠాలో ఉన్న ముసలమ్మే కాన్పు చేసింది. బిడ్డ బాగానే బయటికి వచ్చాడు, మాయ మాత్రం పడలేదు. నెత్తురు ఆగలేదు. అప్పటికి 108 బండి లేదు, అది 2005 ఆగస్టులో మొదలైంది. రైతు ట్రాక్టర్ తీసేసరికి గంటన్నర. ఆసుపత్రిలో మాయ తీసి, నెత్తురు ఎక్కించి ప్రాణం నిలబెట్టారు. ఆ రాత్రి యాడి బతికిందని తండా అంతా దేవుడికి మొక్కింది. మేమూ ఆ కథని అక్కడితో అయిపోయిన కథగానే చెప్పుకున్నాం.

అది అక్కడితో అయిపోలేదు. యాడికి పాలు రాలేదు. ఒక్క చుక్క కూడా. దిష్టి అన్నారు, తాయెత్తు కట్టారు, బొప్పాయి కూర పెట్టారు. తమ్ముడు పక్క గుడిసె పిన్ని పాలూ, మేకపాలూ తాగి పెరిగాడు. నెలసరి మళ్లీ రాలేదు. మా నానమ్మ "మంచిదేలే, ఆపరేషన్ ఖర్చు తప్పింది" అంది. ఎవరూ తప్పుగా అనలేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ముట్టు ఆగితే ఎవరు ఏడుస్తారు? కానీ శరీరం అప్పుడే మనకి రెండు కబుర్లు పంపింది. ఆ రెండూ మేం చదవలేదు.

తర్వాత పదిహేనేళ్లు యాడి ఒంట్లో బలం లేదని తిరగని చోటు లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టి, దాంతోపాటు ఒక ఇంజక్షన్ వేసేవాడు. విచిత్రం, ఆ ఇంజక్షన్ వేశాక రెండు మూడు రోజులు యాడి లేచి తిరిగేది, రొట్టెలు చేసేది, నవ్వేది. మళ్లీ పడుకునేది. అది డెక్సా అనే స్టెరాయిడ్. ఆమె ఒంట్లో లేనిదాన్ని అది కొద్ది రోజులు పూడ్చేదని మాకెవరికీ తెలియదు, ఆ ఆర్‌ఎంపీకి కూడా తెలియదు. "మీ అమ్మకి సూది అలవాటైపోయింది" అన్నాడు. మేం నమ్మాం.

ఒక చోట థైరాయిడ్ పరీక్ష చేశారు. టీఎస్‌హెచ్ ఒక్కటే రాశారు. నార్మల్ వచ్చింది, థైరాయిడ్ లేదు పొమ్మన్నారు. రెండేళ్ల తర్వాత ఇంకో చోట టీ4 కూడా చేస్తే బాగా తక్కువ వచ్చింది. థైరాయిడ్ బిళ్ల మొదలుపెట్టారు. బాగవుతుందని ఎంత ఆశపడ్డామో. పది రోజులకే వాంతులు, నీరసం ఎక్కువయ్యాయి, మంచం మీంచి లేవలేకపోయింది. బిళ్ల పడలేదని మేమే ఆపేశాం. ఆ చోట్ల పేర్లు రాయం. చేసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఒక ప్రశ్న అడగలేదు అంతే.

2019 ఫిబ్రవరి. మళ్లీ మిరప కోతలు. గుడిసెల్లో అందరికీ విరేచనాలు పట్టుకున్నాయి, నీళ్లు బాగోలేవు. మిగతావాళ్లు రెండు రోజుల్లో లేచారు. యాడి లేవలేదు. పిలిస్తే కళ్లు తెరిచి మమ్మల్ని గుర్తుపట్టనట్టు చూసింది. 108లో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. బీపీ అందలేదు, షుగర్ పడిపోయింది, ఒంట్లో సోడియం బాగా తగ్గింది. వార్డులో ఒక చిన్న వయసు డాక్టరమ్మ, ఇంకా చదువుకుంటున్న ఆమే, యాడి చంకలో వెంట్రుకలు లేవని చూసింది. కాసేపు ఆగి మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగింది.

"ఆఖరి కాన్పులో నెత్తురు బాగా పోయిందా?"

"తర్వాత పాలు వచ్చాయా?"

"ముట్టు మళ్లీ వచ్చిందా?"

పదిహేనేళ్లలో ఈ మూడు ప్రశ్నలు అడిగినవాళ్లు ఒక్కరు లేరు. మా పెద్దక్క జవాబు చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. పక్కన నిలబడ్డ తమ్ముడు, అప్పటికి వాడికి పదిహేనేళ్లు, ఏం మాట్లాడలేదు.

ఆ జబ్బు పేరు షీహన్ సిండ్రోమ్. 1937లో హెరాల్డ్ షీహన్ అనే ఇంగ్లండు డాక్టరు దీన్ని వివరించాడు. ఇప్పుడు డబ్బున్న దేశాల్లో ఇది అరుదు, ఎందుకంటే అక్కడ కాన్పులో నెత్తురు పోతే నిమిషాల్లో ఆపుతారు, ఎక్కిస్తారు. మన దేశంలో అరుదు కాదు. కాశ్మీర్ లోయలో వెతికి చూస్తే ఇరవై ఏళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి దాదాపు ముగ్గురికి ఇది ఉందని అంచనా వేశారు. వాళ్లలో ఎక్కువమంది ఇంట్లోనే కన్నవాళ్లు.

ఇది ఎలా జరుగుతుందో మాకు అర్థమైన పద్ధతిలో చెబుతాం. మెదడు కింద, కళ్ల వెనకాల నడిమధ్యలో ఒక చిన్న ఎముక గుంట ఉంటుంది. అందులో శనగ గింజంత గ్రంథి, పిట్యూటరీ. బరువు అర గ్రాము. అది మన ముఠా మేస్త్రి లాంటిది. తను కాయ కొయ్యదు, అందరి చేతా కోయిస్తుంది. మెడలో ఉన్న థైరాయిడ్‌కి, కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకి, అండాశయాలకి, పాలిచ్చే రొమ్ములకి, పిల్లలు పొడుగు పెరగడానికి, అన్నిటికీ పిలుపులు ఇక్కణ్ణుంచే పోతాయి.

కడుపుతో ఉన్నప్పుడు ఈ గ్రంథి ఉబ్బుతుంది, పాలకి సిద్ధమవ్వాలి కదా. ఉబ్బిన గ్రంథికి నెత్తురు ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే కాన్పులో నెత్తురు కారిపోయి బీపీ పడిపోతే, ఆ గ్రంథికి నెత్తురు అందదు. గ్రంథిలో ఎక్కువ భాగం చచ్చిపోతుంది. మొదట పాలు రావు. తర్వాత ముట్టు రాదు. తర్వాత మెల్లగా, ఏళ్ల తరబడి, మిగతా పనులు ఒక్కొక్కటీ ఆగుతాయి. అందుకే దీన్ని కాన్పుతో ముడిపెట్టడం ఎవరికీ తట్టదు. మా యాడికి తలకి ఎంఆర్‌ఐ తీస్తే ఆ గుంట దాదాపు ఖాళీగా కనిపించింది.

ఇప్పుడు టీఎస్‌హెచ్ సంగతి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసేది కాదు, మేస్త్రి థైరాయిడ్ మీద వేసే కేక. మామూలు థైరాయిడ్ జబ్బులో కూలీ నెమ్మదిస్తుంది, మేస్త్రి గట్టిగా అరుస్తాడు, అందుకే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. గ్రూపులో అడిగినవాళ్ల అమ్మలకి ఎక్కువగా ఉండేది ఇదే. ఇది భయపడాల్సిన జబ్బు కాదు. కానీ మేస్త్రే పడిపోతే కేకే ఉండదు. అప్పుడు థైరాయిడ్ పని చెయ్యకపోయినా టీఎస్‌హెచ్ తక్కువగానో, నార్మల్‌గానో కనిపిస్తుంది. టీ4 కూడా చూస్తేనే దొంగ దొరుకుతాడు.

థైరాయిడ్ బిళ్ల ఒక్కటే వేసుకుంటే యాడికి ఎందుకు మోసం జరిగిందో కూడా డాక్టరమ్మ చెప్పింది. అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ అనే హార్మోన్ చేస్తుంది. జ్వరం, విరేచనాలు, దెబ్బ తగలడం, ఏ కష్టం వచ్చినా బీపీని, షుగర్‌ని నిలబెట్టేది అదే. పిట్యూటరీ పోయినప్పుడు అది కూడా తగ్గిపోతుంది. థైరాయిడ్ బిళ్ల ఒంటిని పరుగెత్తిస్తుంది, ఉన్న కాస్త కార్టిసాల్‌ని త్వరగా ఖర్చు చేస్తుంది. అందుకే ముందు స్టెరాయిడ్ బిళ్ల, తర్వాతే థైరాయిడ్ బిళ్ల. ఈ వరుస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

యాడికి ఆ వరుసలో మందులు పెట్టారు. మూడో రోజు లేచి కూర్చుంది, అన్నం అడిగింది. ఐదో రోజు జడ వేసుకుంది. థైరాయిడ్ బిళ్ల మొదలయ్యాక మార్పు మెల్లగా వచ్చింది. గొంతు తేలికపడింది. మొహం వాపు దిగింది. మేలో ఒక మధ్యాహ్నం తండాలో కరెంటు పోయింది. అందరం వేప చెట్టు కింద కూర్చున్నాం. యాడి కొంగుతో మెడ తుడుచుకుని, కొంగుని చూసుకుని, "తడిగా ఉందేంటి" అంది. చెమట. పదిహేనేళ్ల తర్వాత. నానమ్మ లేచి వచ్చి ఆమె నుదురు తడిమి చూసింది. పండగ రోజు కూడా మా ఇంట్లో అంత నవ్వు లేదు.

ఆ రాత్రి తమ్ముడు మా ఇద్దరితో ఒక మాట అన్నాడు. "నేను పుట్టకపోతే యాడి బాగుండేది కదా." వాడు ఆసుపత్రి నుంచి అదే మోస్తున్నాడు. మాకు ఏం చెప్పాలో తెలియలేదు. పొద్దున యాడికి చెప్పాం. ఆమె వాణ్ని పిలిచి తిట్టింది. "నెత్తురు తీసింది నువ్వా? ట్రాక్టరు రావడానికి గంటన్నర పట్టింది. కోపం ఉంటే ఆ గంటన్నర మీద పెట్టుకో" అంది. వాడు ఇప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతున్నాడు. కోతల కాలంలో ముఠాల్లో నెలలు నిండిన వాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఫోన్లు చేసి కనుక్కుంటాడు. వాడి కోపం అలా ఖర్చవుతోంది.

ఇక అందరికీ పనికొచ్చేవి కొన్ని.

1. మీ తండాలో, గూడెంలో, కాలనీలో ఎప్పుడూ నీరసం, చలి, నిద్ర అనే ఆడమనిషి ఉంటే ఆ మూడు ప్రశ్నలు అడగండి. నెత్తురు పోయిందా, పాలు వచ్చాయా, ముట్టు వచ్చిందా. జవాబులు మా యాడి జవాబుల్లా ఉంటే టీఎస్‌హెచ్‌తో పాటు టీ4, పొద్దున పూట కార్టిసాల్ పరీక్ష చెయ్యమని పెద్దాసుపత్రిలో అడగండి. కాన్పు జరిగి ఇరవై ఏళ్లయినా సరే అడగండి.

2. స్టెరాయిడ్ బిళ్ల వాడేవాళ్లు అది ఒక్క రోజు కూడా మానకూడదు. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు పెంచాలి. వాంతులై బిళ్ల నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి పోయి ఇంజక్షన్ వేయించుకోవాలి. మా యాడి రవికె సంచిలో ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది, జబ్బు పేరు, మందు పేరు, మా ఫోన్ నంబరు రాసి.

3. మామూలు థైరాయిడ్ బిళ్ల పొద్దున్నే పరగడుపున, నీళ్లతో. టీ, టిఫిన్ అరగంట నుంచి గంట ఆగి. ఐరన్, కాల్షియం బిళ్లలు దానితో కలిపి వేసుకోవద్దు, నాలుగు గంటల తేడా ఉండాలి. తగ్గింది కదా అని మానేయొద్దు. కడుపుతో ఉన్నవాళ్లు అసలు మానొద్దు, బిడ్డ మెదడుకి ఆ హార్మోన్ కావాలి.

4. దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది. థైరాయిడ్ ఎక్కువ పని చేస్తే బాగా తింటున్నా చిక్కిపోతారు, చేతులు వణుకుతాయి, గుండె దడ, చెమటలు, కొందరికి కళ్లు బయటికి ఉబ్బినట్టు అవుతాయి. పిట్యూటరీలో గడ్డ వస్తే బిడ్డ లేకుండానే పాలు రావచ్చు, ముట్టు ఆగొచ్చు, పక్క చూపు తగ్గొచ్చు. పెద్దవాళ్లకి చేతులు, కాళ్లు లావై చెప్పుల సైజు పెరిగే రకం కూడా ఉంది. వయసు పిల్లలకంటే బాగా పొట్టిగా ఆగిపోయిన పిల్లని కూడా చూపించాలి. వీటికి మందులున్నాయి, కొన్నిటికి ముక్కులోంచి చేసే ఆపరేషన్ ఉంది.

5. ఉప్పు. మనకి చినగంజాం కొఠార్ల రాళ్ల ఉప్పు దగ్గర, చవక. పచ్చళ్లకి అదే వాడతాం, కూరలోకీ అదే వేస్తాం. థైరాయిడ్ హార్మోన్ అయోడిన్‌తోనే తయారవుతుంది. అది చాలకపోతే మెడలో గడ్డ, గాయిటర్ వస్తుంది. 1962 నుంచే మన దేశంలో దాని మీద కార్యక్రమం నడుస్తోంది. ఇంటికి చేరిన ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. పచ్చడికి రాళ్ల ఉప్పు వేసుకోండి, రోజూ కూరలోకి మాత్రం అయోడిన్ ప్యాకెట్ వాడండి. మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

6. మందు కొట్టే పని. మా యాడి జబ్బుకీ దానికీ సంబంధం లేదు. కానీ మిరపలో కాయకుళ్లుకి కొట్టే మాంకోజెబ్ లాంటివి విరిగితే వచ్చే ఒక పదార్థం థైరాయిడ్ హార్మోన్ తయారీని అడ్డుకుంటుందని ఎప్పటినుంచో తెలుసు. కడుపుతో ఉన్నవాళ్లు మందు కొట్టిన చేలో వెంటనే దిగొద్దు. మందు డబ్బాల్లో తాగే నీళ్లు పట్టొద్దు. ఆ గుడ్డలు పిల్లల గుడ్డలతో కలిపి ఉతకొద్దు.

7. అన్నిటికంటే ముందు, నెలలు నిండినవాళ్లు కోతలకు పోవద్దు. పోక తప్పకపోతే దగ్గర్లో ఏ ఆసుపత్రిలో కాన్పు చేస్తారో పోయిన రోజే కనుక్కోండి, అక్కడి ఆశా కార్యకర్త నంబరు తీసుకోండి. ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే నెత్తురు ఆగడానికి ఆక్సిటోసిన్ ఇంజక్షన్ ఇస్తారు. ఒక్క సూది. ఆ రాత్రి గుడిసెలో అది లేదు.

యాడి ఇప్పుడు కోతలకు పోవడం లేదు, మేమే వద్దన్నాం. పత్తి తీతకి మాత్రం మా చేలోకి వస్తుంది. ఒడి కట్టుకుని ముందు సాలు తనే పడుతుంది. మేం వెనకబడితే వెనక్కి తిరిగి "ఏం, కాయలు లెక్కపెడుతున్నారా" అంటుంది. అప్పుడు అర్థమైంది, మేస్త్రి మాట ఆమెకి కూడా గుర్తుందని.

సందేహాలుంటే కింద అడగండి. మాకు తెలిసింది చెబుతాం, తెలియంది డాక్టర్లని అడిగి చెబుతాం. ఆ మూడు ప్రశ్నలు మాత్రం ఈ రాత్రికే మీ ఇంట్లో అమ్మనో, పిన్నినో, అత్తనో అడగండి.